లారీ రాతల్లో కనిపించని డ్రైవరు: ఒక భాషా పరిశీలన

లారీల వెనుక కనిపించే రాతలను ఆధునిక జానపద సాహిత్యంగా పరిగణించాలనే వాదంలో బలం ఉంది. దైవభక్తి, తల్లిదండ్రుల దీవెన, దిష్టి భయం, హాస్యం అనే శీర్షికల కింద వాటిని విభజించడమూ కష్టం కాదు. అయితే వర్గీకరణకు ముందు తేల్చుకోవలసింది కర్తృత్వం. ఆ రాతలను డ్రైవరు మనోభావాలుగా చదవడం ఎంతవరకు సమంజసం?

బండి మీద మొదట రాయించేది చట్టం. ఖాళీ బరువు, మొత్తం బరువు వంటి వివరాలు బండికి ఎడమవైపు కనబడాలని మోటారు వాహనాల చట్టం నిర్దేశిస్తుంది. నేషనల్ పర్మిట్ ఉంటే ఆ సంగతి ముందూ వెనుకా తెలియాలి. తరువాతి స్థానం యజమానిది. అతని ఇలవేల్పు, పిల్లల పేర్లు, ట్రాన్స్‌పోర్టు పేరు అక్కడ చేరతాయి. మూడో చేయి పెయింటరుది. తామరపువ్వు, నెమలి, "సౌండ్ హారన్" వంటివి అతని వృత్తి సంప్రదాయం నుంచి వస్తాయి. సొంత బండి నడుపుకొనేవాని సంగతి వేరు. జీతానికి నడిపే డ్రైవరుకు మిగిలేది క్యాబిన్ లోపలి చోటే: డ్యాష్‌బోర్డు మీది దేవుడి పటం, అద్దం పక్కన దోపుకున్న పిల్లల ఫొటో. వెనుక వచ్చే వాహనదారుడికి ఆ పాఠం కనబడదు. "హారన్ ఓకే ప్లీజ్" హారన్ మోతను ప్రోత్సహిస్తోందని మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో దానిని నిషేధించింది. ఆ పదబంధం డ్రైవరు కూర్చింది కాకపోయినా దానికి జవాబు చెప్పుకోవలసింది రోడ్డు మీదున్న అతడే.

వార్తావాక్యంలో డ్రైవరు

రోడ్డు ప్రమాద వార్తల్లోని తెలుగు వాక్యం మరింత పరిశీలించదగినది. "లారీ దూసుకొచ్చింది", "లారీ ఢీకొంది" అన్నప్పుడు కర్త లారీ. నడిపిన మనిషి ఎక్కువగా రెండు సందర్భాలలోనే వాక్యంలోకి వస్తాడు: "డ్రైవరు పరారీ", "డ్రైవరు నిద్రమత్తు". మామూలు వాడుకలో నిద్రమత్తు నిర్దోషమైన మాటే. ప్రమాదానికి కారణంగా నిలిచినప్పుడు మాత్రం అందులోని "మత్తు" తాగుడును స్ఫురింపజేస్తుంది. ఎన్ని గంటలుగా నడుపుతున్నాడన్న ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, 5 గంటల పని తరువాత కనీసం అరగంట విరామం అని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. కాని ఐదుగురు లేక అంతకు మించి కార్మికులున్న సంస్థలకే అది వర్తించేది. ఒకటి రెండు బండ్ల యజమానుల దగ్గర పనిచేసేవారు ఆ లెక్కలోకి రాలేదు. మన రోడ్ల మీది లారీలలో అధిక భాగం చిన్న యజమానులవే.

"పరారీ" కూడా అటువంటిదే. దానికి ముందో వెనుకో తరచు వచ్చే మరో మాట "దేహశుద్ధి". గుంపు కొట్టడాన్ని పుణ్యస్నానంలా చెప్పే ఈ సంస్కృత సమాసాన్ని ఇంత నిశ్చింతగా వాడటం ఆశ్చర్యం కలిగిస్తుంది. ఈ రెండు మాటలను కలిపి చదివితేనే 2024 జనవరి నాటి డ్రైవర్ల ఆందోళన అర్థమవుతుంది. నిర్లక్ష్యంగా నడిపి ఒకరి మరణానికి కారకుడై, పోలీసులకు గాని మేజిస్ట్రేటుకు గాని తెలపకుండా పారిపోయినవానికి భారతీయ న్యాయ సంహిత 106(2) సెక్షన్ 10 ఏళ్ళ వరకు శిక్షను ప్రతిపాదించింది. ఆ సమ్మెతో హైదరాబాదు పెట్రోలు బంకుల ముందు బారులు తీరాయి. 2024 జూలై 1న సంహిత అమలులోకి వచ్చినా ఆ ఉపసెక్షన్‌ను పక్కన ఉంచారు. ఆగితే జనం కొడతారు, ఆగకపోతే చట్టం శిక్షిస్తుందన్నది డ్రైవర్ల వాదన. బాధిత కుటుంబం వైపు నుంచి చూస్తే ఆ శిక్ష న్యాయమే అనిపించవచ్చు. ఈ రెండు పక్షాలనూ నిలబెట్టగల కథావస్తువు "పరారీ" అనే ఒక్క మాటలో ముగిసిపోతోంది.

పాట లేని శ్రమ

ఏతం తోడేవానికి, పడవ నడిపేవానికి, నాట్లు వేసే స్త్రీలకు పాటలున్నాయి. లారీ డ్రైవరుకు అటువంటి శ్రామిక గేయం ఎందుకు ఏర్పడలేదు? శ్రామిక గేయానికి దేహపు లయ ఆధారం. అనేక సందర్భాలలో పదిమంది కలిసి చేసే పని దానికి తోడవుతుంది. స్టీరింగు ముందు లయ ఇంజనుది. తోడు ఒక క్లీనరు, ఇప్పుడు చాలా బండ్లలో అతడూ లేడు. పాట పాడుకునేది కాక టేపు రికార్డరులో వినేదయింది. సినిమా ఆ ఖాళీని పూరించిందని చెప్పలేము. "లారీ డ్రైవర్" (1990) ఈ వృత్తిని కథానాయకుని శౌర్యానికి వేదిక చేసుకుంది. ఐవాన్ అయ్‌ర్ దర్శకత్వం వహించిన హిందీ చిత్రం "మీల్ పత్తర్" (2020) మరో దారి పట్టింది. అందులోని గాలిబ్‌కు నడుము నొప్పి ఉంది, తన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రవాడు తన చోటులోకి వస్తాడేమోనన్న బెంగ ఉంది. ఈ రెండూ పనిలోంచి పుట్టిన బాధలు.

డ్రైవరు సొంత భాష అతని వృత్తిపదాలలో దొరుకుతుంది: కిరాయి, బత్తా (కొన్నిచోట్ల బేటా), హాల్టింగు, రిటర్న్ లోడు, మామూలు. లంచానికి "మామూలు" అన్న పేరు స్థిరపడటంలోనే అది ఎంత అలవాటైపోయిందో తెలుస్తుంది. హాల్టింగు అంటే సరుకు దించుకునే చోట బండి నిలిచిపోవడం. దానికి డబ్బు వచ్చినా చాలాసార్లు అది యజమాని లెక్కలో పడుతుంది, ఎదురుచూపు మాత్రం డ్రైవరుది. ఈ-వే బిల్లు గడువు సాధారణ సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున ఉంటుంది. కాగితం సరుకు ప్రయాణకాలాన్ని లెక్కిస్తుంది, నిద్రను లెక్కించదు. 2025 అక్టోబరు 1 తరువాత తయారయ్యే మధ్యతరహా, భారీ లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. పాత బండ్లు నడిపేవారి వేసవి మారలేదు.

అందువల్ల ఈ రంగంలో పరిశోధకుడు బండి వెనుక రాతలను ఫొటో తీయడంతో సరిపెట్టుకోకూడదు. విజయవాడ ఆటోనగర్‌లో రిపేరుకు నిలిచిన బండి దగ్గరో, గోడౌను గేటు బయట వరుసలోనో డ్రైవరుకు మాట్లాడే తీరిక ఉంటుంది. అక్కడ చెప్పే అనుభవకథనాలను సగం తెలుగు, సగం హిందీగా ఉన్న ఆ పలుకుబడిని సరిదిద్దకుండా నమోదు చేయాలి. మామూళ్ళ ప్రస్తావన వచ్చినచోట చెప్పినవాని పేరు, బండి నంబరు మాత్రం రాయకూడదు.