'స్వర్గసీమ'లోని ఇద్దరు స్త్రీలు

కడప మండలమున, పులివెందుల తాలూకా కొత్తపల్లెలో 1908వ సంవత్సరమున జన్మించిన బి. యన్. రెడ్డిగారు చిలమకూరు ప్రాంతము వారికి పొరుగువారు. తెలుగు చలనచిత్రములలోని సంఘసంస్కరణమును గూర్చి ముచ్చటించునపుడెల్ల వారి పేరు రాక మానదు. 1940లో 'సుమంగళి'యందు వితంతు వివాహమును, 1941లో 'దేవత'యందు పనిపిల్లకు పెద్దింటి యువకుడు చేసిన ద్రోహమును వారు కథావస్తువులుగ గైకొనిరి. ఈ కీర్తి న్యాయమైనదే. అయినను ఆ సంస్కరణము స్త్రీవిషయమున ఎంతదూరము నడిచి ఎచ్చట నిలిచిపోయెనో తెలియగోరువారు 1945 నాటి 'స్వర్గసీమ'ను చూడవలెను.

కథ సుపరిచితము. పత్రికా సంపాదకుడైన మూర్తికి కల్యాణి అను ఇల్లాలు, బిడ్డలు కలరు. వీధులలో ఆడి పాడు సుబ్బిని అతడు చూచి, ఆమెకు నాగరకత నేర్పి సుజాతాదేవి అను రంగస్థల నటిగ తీర్చి, ఆ మోహమున సంసారమును విడచును. తుదకు భంగపడి మరల కల్యాణి చెంత చేరును. నాగయ్య మూర్తిగను, గుబ్బి వీరన్న నాటకమండలికి చెందిన జయమ్మ కల్యాణిగను, భానుమతి సుబ్బిగను నటించిరి.

ఇందు పావురమును గూర్చి భానుమతి పాడిన పాట యొకటి కలదు. దాని కూనిరాగము 1941 నాటి ఒక హాలీవుడ్ చిత్రమునుండి స్ఫూర్తి పొందినదని ప్రసిద్ధి. ఆ చిత్రమునకు మూలము స్పెయిను నవలాకారుడు బ్లాస్కో ఇబాన్యెజ్ 1908లో ప్రకటించిన 'రక్తము, ఇసుక' అను నవల. తెరపై పాడినట్లు కనిపించిన రీటా హేవర్త్ స్పెయిను నర్తకుని కుమార్తె. గొంతు మాత్రము వేరొకతెది. మన భానుమతికి అరువు గొంతు అక్కరలేకపోయెను.

వచ్చినది రాగమొక్కటే కావచ్చును. కాని రెండు కథలను పక్కపక్కన నుంచినచో ఒక విశేషము కనబడును. ఆ నవలలోను ఎద్దులతో పోరాడు వీరుడొకడు, కార్మెన్ అను సాధ్వియగు భార్య, దోన్యా సోల్ అను మోహిని కలరు. అయితే దోన్యా సోల్ ఉన్నతవంశజ. కడుపేదగ పుట్టి పైకి వచ్చిన గల్యార్దోతో ఆమె వినోదార్థము ఆడుకొనును. బలము ఆమెది, కావున నేరమును ఆమెపై మోపుట కొంత సమంజసము. 'స్వర్గసీమ'లో బలమెవరిది? చదువు, పలుకుబడి, ఇల్లు, అన్నియు మూర్తివే. సుబ్బికి గలది గొంతొక్కటి. ఆమెను వీధినుండి తెచ్చినవాడతడు, పేరు మార్చినవాడతడు, భార్యను విడచినవాడతడు. ఐనను వంచకి అను ముద్ర ఎవరిపై బడినది? స్పెయిను రచయిత తన నాయకుని గోదాలో ఎద్దుకొమ్ముకు బలియిచ్చెను; మనవారు ఇంటికి జేర్చి క్షమింపజేసిరి. కల్యాణికి క్షమించుట తప్ప వేరు దారి యుండెనా అని కథ అడుగలేదు. జయమ్మ నటనలోని గాంభీర్యమే ఆ లోపమును మరపించినది.

దీనినిబట్టి నాకు తోచునదేమనగా, పతితయై కన్నీరు కార్చు స్త్రీపై ఆనాటి సంస్కర్తకు జాలి మెండు. తన విద్యచే తాను సంపాదించుకొని తల యెత్తిన స్త్రీ యెడల మాత్రము భయము. అయినను భానుమతి ఆ పాత్రను అట్లే ఒప్పుకొనలేదు. సుబ్బి చూపులలోని కొంటెతనము, పలుకులలోని ధీమా ప్రేక్షకుని ఆమె పక్షమునకే లాగుచుండును. కథ ఆమెను ఖండించుచుండగ చిత్రము ఆమెనే జ్ఞాపకమున నిలిపినది!

1951లో వచ్చిన 'మల్లీశ్వరి'లో రెడ్డిగారి చూపు మెత్తబడినది. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి మాటలు, సాలూరి రాజేశ్వరరావుగారి సంగీతమును గూర్చి ఇదివరకే ఎందరో వ్రాసిరి. నాకు ముఖ్యముగ తోచినది వేరు. మారువేషమున వచ్చిన రాయలతో నాగరాజు పరిహాసమునకు పల్లకి పంపుమనును, పల్లకి నిజముగనే వచ్చును, తల్లి ఆశపడును. మల్లిని ఒక్కరును అడుగరు. రాణివాసపు కట్టడికిని, మూర్తి ఉపకారమునకును అంతరము స్వల్పమే. ఇచ్చట మాత్రము దోషము ఆమెది కాదని దర్శకుడు స్పష్టముగ చెప్పగలిగెను.

1939లో 'వరవిక్రయము'న కట్నపుటాచారమునకు బలియైన కాళిందిగ భానుమతి తొలుత తెరకెక్కినది. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళ, హిందీ భాషలలో తానే దర్శకత్వము వహించి తీసినది. తరువాత 'అత్తగారి కథలు' వ్రాసినది. ఆ కథలలో అత్తగారు పరుల క్షమకై కాచుకొని కూర్చుండరు. ఇల్లంతయు ఆమె మాటకై కాచుకొనియుండును.