చార్టు చూపించమని అడగండి

హోమ్‌లో పనంటే స్నానం చేయించడం, అన్నం తినిపించడమేనని చాలామంది అనుకుంటారు. ఇంగ్లండ్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కేర్ హోమ్‌లో పనిచేస్తున్న నన్నడిగితే, అన్నిటికన్నా ముఖ్యమైన పని విరేచనం చార్టు రాయడం. విరేచనం ఏ రకమో చెప్పే కొలతను బ్రిస్టల్ స్కేలు అంటారు. మేక పెంటికల్లా గట్టిగా వస్తే 1, పూర్తిగా నీళ్లయితే 7. ఎప్పుడైంది, ఏ రకం, ఎంత, అన్నీ రాయాలి. కడుపు నొప్పి అని నోటితో చెప్పలేని మనిషికి డాక్టరు మందు రాసేది అది చూసే.

అసహ్యించుకునే పని కాదిది. ఇదే దేశంలో 2012లో డౌన్ సిండ్రోమ్ ఉన్న 33 ఏళ్ల మనిషి మలబద్ధకం ముదిరి ఆసుపత్రిలో చనిపోయాడు. ఎప్పటినుంచో ఉన్న జబ్బే. అతను ఉండే చోట పద్ధతులు మారాక, విరేచనం సంగతి పట్టించుకోవడం తగ్గిపోయింది.

ఇక్కడ మేధో వైకల్యం ఉందని జీపీ (కుటుంబ డాక్టరు) దగ్గర నమోదైతే, 14 ఏళ్లు దాటినవాళ్లకు ఏటా ఉచితంగా పూర్తి ఆరోగ్య పరీక్ష చేస్తారు. బరువు, బీపీ, చెవులు, కళ్లు, మూర్ఛ, వాడుతున్న మందులు అన్నీ చూస్తారు. అయినా వీళ్లు మిగతా జనం కన్నా సగటున సుమారు 20 ఏళ్లు ముందే పోతున్నారు. దానికి ఒక కారణం నా కళ్లారా చూశాను. మా దగ్గర ఒకాయన కొన్నాళ్లు చెంప మీద కొట్టుకుంటూ అన్నం తోసేసేవాడు. "ఆయన తీరే అంత" అన్నారు. మత్తు మందు మాట కూడా వచ్చింది. చివరికి పళ్ల డాక్టరు చూస్తే దవడ పన్ను పుచ్చిపోయి ఉంది. అది పీకిన వారానికి ఆయనే వచ్చి భోజనానికి కూర్చున్నాడు.

ఎంత ప్రేమగా చూసుకున్నా హోమ్ ఆసుపత్రి కాలేదు. ప్రభుత్వ డాక్టరు, నర్సు గడప దాటి లోపలికి రావాలి. మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం వైద్యంలో వీళ్లకు ప్రాధాన్యం ఇవ్వాలంటోంది. వీళ్ల కోసం నిరామయ అనే ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఉంది, మామూలు పరీక్షలకూ వర్తిస్తుంది. కానీ బీమా కార్డు బీరువాలో ఉన్నంత మాత్రాన పరీక్ష జరగదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు తన పరిధిలోని ప్రతి హోమ్‌కూ ఏటా ఒక తేదీ పెట్టుకుని వెళ్లాలి. రెండు తెలుగు ప్రభుత్వాలూ దీన్ని డాక్టర్ల డ్యూటీలో చేర్చాలి.

మీవాళ్లెవరైనా హోమ్‌లో ఉంటే, ఈసారి చూడ్డానికి వెళ్లినప్పుడు పండ్లు, స్వీట్లతో సరిపెట్టకండి. బరువు ఎంతుంది, విరేచనం ఎలా అవుతోంది, పళ్లు ఎవరు చూశారు అని అడగండి. రాసిన కాగితం చూపించమనండి.