తెర స్తంభించినప్పుడు: లినక్సు దోషనివారణ పద్ధతిపై విమర్శ

గోడ గడియారము ఆగినచో దానిని ఒకసారి కదిపి చూచుట చాలమందికి అలవాటు. అది మరల నడచినచో యజమాని సంతోషించును. కాని ఎందుకు ఆగినదో, ఎందుకు నడచినదో అతనికి తెలియదు. లినక్సు కంప్యూటరులో తెర స్తంభించినప్పుడు ప్రచారములో నున్న సలహాలు పెక్కు ఈ కోవకే చెందును. 'ఈ పదమును చేర్చుము, ఆ డ్రైవరును మార్చుము' అను సూచనలే గాని, దోషము ఏ భాగములో నున్నదని అడుగువారు తక్కువ. పాఠశాలలలో కంప్యూటరు నేర్పు ఉపాధ్యాయులును ఈ సలహాలనే పాఠముగా చెప్పుచున్నచో, విద్యార్థికి అందునది విజ్ఞానము కాదు, చిట్కా వైద్యము.

తెరపై బొమ్మ కనుపించుటకు ఒక్క ప్రోగ్రాము చాలదు. అనువర్తనము బొమ్మను కోరును. ఆ కోరికలను కూర్చి తెరకు అమర్చునది ప్రదర్శన సర్వరు. ఈ పనికై 1984లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో 'ఎక్స్' వ్యవస్థ పుట్టినది. 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బెర్గ్ 'వేలాండ్'ను ఆరంభించెను. వీటి క్రింద కెర్నెల్‌లోని డ్రైవరు, దానికి క్రింద గ్రాఫిక్స్ ప్రాసెసరు, చివరకు తెర. ఈ వరుసలో ఎక్కడ పని నిలిచినను చూచువానికి కనుపించునది ఒక్కటే: కదలని బొమ్మ. లక్షణము ఒక్కటి, కారణములు అనేకము. చిక్కంతయు ఇందే కలదు.

మిక్కిలి ప్రసిద్ధమైన చిట్కా 'నోమోడ్‌సెట్'. తెర కొలతలను నిర్ణయించు పని పూర్వము ఎక్స్ సర్వరు చేసెడిది. 2009 నుండి ఆ పని కెర్నెల్‌కు సంక్రమించినది. ఈ పదము కెర్నెల్‌ను ఆ పని చేయవద్దని ఆదేశించును. క్రొత్త యంత్రములో తెర నల్లబడినప్పుడు, ఒకసారి లోనికి ప్రవేశించి సరియైన డ్రైవరును స్థాపించుటకు ఇది మంచి సాధనమే. దానినే శాశ్వత చికిత్సగా ఉంచుట మాత్రము దోషము. అప్పుడు బొమ్మలు గీయు భారమంతయు సాధారణ ప్రాసెసరుపై పడును, వీడియో తడబడును, రెండవ తెర పనిచేయక పోవచ్చును. కాలు నొప్పియని మంచము దిగనివానికి నొప్పి తెలియదు. అంతమాత్రమున నొప్పి పోయినదని చెప్పరాదు.

రెండవ ప్రసిద్ధ సలహా 'క్యాప్స్ లాక్' దీపమును చూడుమనుట. మీట నొక్కినను దీపము మారనిచో యంత్రము పూర్తిగా చచ్చినదని నిశ్చయింతురు. ఈ నిర్ణయము తొందరపాటు. డెస్క్‌టాప్ నడచుచున్నప్పుడు ఆ దీపమును మార్చుమని ఆజ్ఞ యిచ్చునది ప్రదర్శన సర్వరే. సర్వరు ఒక్కటి నిలిచి కెర్నెల్ జీవించియున్నను దీపము మారకపోవచ్చును. ఇంతకంటె నమ్మదగిన పరీక్షలు గలవు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలను కలిపి నొక్కగా అక్షరముల తెర వచ్చినచో కెర్నెల్ క్షేమము; పైభాగమునే శంకింపవలెను. అది రాకున్నను, ముందుగా ఏర్పాటు చేసికొన్న ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా మరియొక కంప్యూటరు నుండి ప్రవేశింపగలిగినచో, నిలిచినది గ్రాఫిక్స్ భాగమని ఊహింపవచ్చును. రెండును విఫలమైనప్పుడే కెర్నెల్ వంకకు, పరికరముల వంకకు చూడవలెను.

తరువాత సాక్ష్యము. 'జర్నల్‌సీటీఎల్' అను ఆజ్ఞతో, యంత్రము గతసారి నడచినప్పటి కెర్నెల్ నమోదులను చదువవచ్చును. ఇంటెల్ డ్రైవరు 'జీపీయూ హ్యాంగ్' అనియు, ఎ.ఎం.డి. డ్రైవరు 'రింగ్ టైమవుట్' అనియు వ్రాయును. ఎన్విడియా డ్రైవరు 'ఎక్స్‌ఐడీ' సంఖ్యలను ఇచ్చును. వానిలో 79 అనగా గ్రాఫిక్స్ ప్రాసెసరు కంప్యూటరుకు అందకుండ పోయినదని అర్థము. అప్పుడు వేడిని, విద్యుత్తును, కార్డు అమరికను గూడ పరీక్షింపవలెను. ఐనను యంత్రము హఠాత్తుగా నిలిచినచో చివరి పంక్తులు డిస్కును చేరక పోవచ్చును. కావున నమోదు లేకుండుట నిర్దోషమునకు నిదర్శనము కాదు.

లక్షణమును బట్టి తీర్పు చెప్పరాదనుటకు ఇంటెల్ 'బే ట్రైల్' ప్రాసెసర్ల కథ చక్కని ఉదాహరణము. 2013లో వెలువడిన ఈ జాతి ప్రాసెసర్లపై లినక్సు నడచుచుండగా యంత్రములు ఉన్నట్లుండి స్తంభించెడివి. వీడియో చూచునప్పుడు అట్లు జరుగుట తరచు గనుక గ్రాఫిక్స్ డ్రైవరుపై అనుమానము సహజము. కాని విశ్రాంతి వేళ ప్రాసెసరు ప్రవేశించు గాఢనిద్రా స్థితులను ఒక పదముతో అరికట్టగా స్తంభనము తగ్గినట్లు వాడుకరులు గమనించిరి. విచారణ విద్యుత్ పొదుపు వంకకు మరలినది. ఆ పదము వలన బ్యాటరీ త్వరగా ఖర్చగును. అట్టి మూల్యమున్న చిట్కాను సంబంధములేని యంత్రములకును సూచించుట వివేకము కాదు.

దోషమంతయు సలహాదారులదే అనుట న్యాయము గాదు. పై సందేశములు సామాన్యునికి అర్థమగునవి కావు. ఒక్కొక్క పొర ఒక్కొక్క భాషలో వ్రాయును. తయారీదారుల గోప్యతయు కొంత కారణము. 2012లో ఫిన్లాండులోని ఆల్టో విశ్వవిద్యాలయమున లినక్సు కర్త లైనస్ టోర్వాల్డ్స్ ఎన్విడియా వైఖరిని బహిరంగముగా గర్హించెను. 2022లో ఆ సంస్థ కెర్నెల్ భాగపు మూలరచనను విడుదల చేసినది. పైభాగపు మూలరచన మాత్రము వెలువడలేదు. మూలరచన కనుపించని చోట పరిశోధకుడు ఊహపై ఆధారపడక తప్పదు.

ఐనను ఈ వ్యవస్థలో ఒక గొప్ప గుణము కలదు. అనేక లినక్సు పంపిణీలు క్రొత్త కెర్నెల్‌తోపాటు పాతదానిని గూడ ఉంచును. పాతదానితో స్తంభనము లేనిచో దోషము క్రొత్త మార్పులలో నున్నదని శంకింపవచ్చును. ఆ మార్పులు వెయ్యి యుండవచ్చును. అభివృద్ధికారులు వానిని సగము చేయుచు, ఏ సగములో దోషమున్నదో పరీక్షింతురు. వెయ్యి మార్పులలో తప్పైన దానిని పట్టుటకు సుమారు 10 పరీక్షలు చాలును; ఏలనన రెండును పది మార్లు గుణించిన 1024 వచ్చును. లెక్కల తరగతికి ఇంతకంటె జీవమున్న ఉదాహరణము అరుదు.

ప్రయోగశాలలో పాటించు నియమమే ఇక్కడను పాటింపదగినది. ఒకసారి ఒకే మార్పు చేయవలెను; తేదీని, కెర్నెల్ సంఖ్యను, ఫలితమును పుస్తకములో వ్రాయవలెను. మూడు దినములకు ఒకసారి నిలుచు యంత్రము ఒక దినము చక్కగా నడచినంత మాత్రమున బాగైనదని చెప్పరాదు. ఆ ఓపిక లేని చికిత్స, గడియారమును కదుపుట వంటిదే.