ఊనిక తెలిస్తే మాట తెలిసినట్టే

అమెరికాలో స్క్రిప్స్ నేషనల్ స్పెల్లింగ్ బీని 2012లో స్నిగ్ధ నందిపాటి, 2024లో బృహత్ సోమ గెలిచినప్పుడు తెలుగువాళ్లం వాళ్ల జ్ఞాపకశక్తిని మెచ్చుకున్నాం. ఆ పోటీకి జ్ఞాపకశక్తి ఎంత అవసరమో, ఊనిక, అంటే స్ట్రెస్, ఎక్కడ పడుతుందో తెలియడమూ అంతే అవసరం. పొడుగాటి ఇంగ్లీషు మాటలో ప్రధానమైన ఊనిక ఒక్క సిలబుల్‌కే దక్కుతుంది. అది లేని చోట అచ్చు నలిగిపోయి, ఏ, ఈ, ఓల్లో ఏది రాసి ఉన్నా చాలాసార్లు ఒకే పొట్టి 'అ'లా వినిపిస్తుంది. 'గ్రామర్' చివరి అచ్చు ఏదో చెవికి అందదు. 'గ్రమ్యాటికల్' అనగానే ఊనిక అక్కడికి జరిగి, అది 'ఈ' కాదు, 'ఏ' అని తేలిపోతుంది. అందుకే పిల్లలకు అక్షరాల వరస కన్నా ముందు ఊనిక నేర్పాలంటాను.

మన చెవికి ఇది కొత్త. తెలుగులో గురులఘువులు నిడివి లెక్కలు. ఒక అక్షరాన్ని ఒత్తి పలికినంత మాత్రాన మాట మారిపోదు. ఆ అలవాటుతో 'ఫొటోగ్రాఫర్'లో అక్షరాలన్నిటికీ సమానంగా బరువిస్తాం. అమెరికన్ చెవి 'ఫ-టా-గ్ర-ఫర్'లోని 'టా' కోసం చూస్తుంది. సిలబుల్స్‌గా విడగొట్టుకుంటే చాలదా అంటే, విరుపులు రెండు రకాలు. మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువులో 'ఎడ్యుకేషన్' మధ్య చుక్కలు 'డి'ని మొదటి ముక్కలోనే ఉంచుతాయి. అవి పంక్తి చివర మాటను విరవడానికి. పక్కనున్న ఉచ్చారణలో విరుపు 'ఎ-జ-కే-షన్'. నోవా వెబ్‌స్టర్ 1783 నాటి స్పెల్లింగ్ పుస్తకంలో 'క్ల-స్టర్' కాదు, 'క్లస్-టర్' అని విరిచింది పలుకుబడిని బట్టే. మనకు కావలసిందీ ఆ విరుపే.

ఇంగ్లీషు ఊనికకు నియమమే లేదనేవారున్నారు. చిన్న మాటల సంగతి ఎలా ఉన్నా, గ్రీకు, లాటిన్ ప్రత్యయాలతో పెరిగిన పొడుగు మాటల్లో నియమం బాగానే కనిపిస్తుంది. 'షన్', 'ఇటీ', 'ఇక్'లతో ముగిసేవాటిలో ఊనిక సాధారణంగా వాటికి ముందున్న సిలబుల్ మీదే: ఎడ్యుకేషన్‌లో 'కే', ఎలెక్ట్రిసిటీలో 'ట్రి', డెమక్రాటిక్‌లో 'క్రా'. అరబిక్, పాలిటిక్స్ వంటి మినహాయింపులు విడిగా నేర్చుకోవచ్చు. బ్రిటిష్‌వాళ్లు 'అడ్వర్టైజ్‌మెంట్'లో 'వర్'ను ఒత్తితే అమెరికన్లు 'టైజ్'ను ఒత్తుతారు కదా, ఏది సరైనది? ఎక్కడ ఉంటే అక్కడిది. ఇక యాస మన ఉనికి, దాన్ని ఎందుకు వదులుకోవాలన్న ప్రశ్న గౌరవించదగినదే. మన ట, డలను వదులుకోనక్కర లేదు. ఊనిక తప్పితే మాత్రం వినేవారు మరో మాటను వెతుక్కుంటారు. కొత్త మాట కోసం నిఘంటువు తెరిచినప్పుడు, అక్షరాలు లెక్కపెట్టే ముందు, ఏ సిలబుల్‌కు ముందు పైన చిన్న నిలువు గీత ఉందో మీ పిల్లలకు చూపించండి.