ఫ్లాష్ తెర చదివే చూపు

తలంబ్రాలు మొదలయ్యాక పెళ్లి ఫొటోగ్రాఫర్‌కి రెండో అవకాశం ఉండదు. అందుకే పని తెలిసినవాడు పీటల కన్నా ముందు ఫ్లాష్ వెనకున్న చిన్న తెర చూసుకుంటాడు.

అక్కడి మీటర్ల గీత ఉత్తినే రాదు. ఫ్లాష్ బలాన్ని చెప్పే గైడ్ నంబరును ఎపర్చరుతో భాగిస్తే వచ్చే దూరమది. ఐఎస్ఓ 100 దగ్గర మీటర్లలో గైడ్ నంబరు 36 అనుకుందాం. ఎఫ్/4లో వెలుగు 9 మీటర్ల దాకా పనికొస్తుంది, ఎఫ్/8లో నాలుగున్నరకే ఆగుతుంది. ఐఎస్ఓ 400కి పెంచితే మళ్లీ 9. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది కనుక, వధూవరులకి సరిపోయిన ఫ్లాష్ వెనక నిలబడ్డ మేనమామలను చీకట్లో వదిలేస్తుంది. ఆ నిష్ఠూరం ఆల్బం తెరిచినప్పుడల్లా వినాల్సిందే!

ఫ్లాష్ తలను పైకప్పు వైపు తిప్పగానే చాలా మోడళ్లలో ఆ గీత మాయమవుతుంది. చెడిపోయిందని కంగారుపడేది కొత్తవాళ్లే. కప్పుకి తగిలి వెలుగు ఎంత తిరిగొస్తుందో యంత్రానికి తెలియదు, తెలియని లెక్క చెప్పదు. తెల్ల స్లాబైతే పర్లేదు. పసుప్పచ్చ షామియానా కింద మాత్రం పెళ్లికూతురి ముఖమూ పచ్చబడుతుంది. అక్కడ పని తెలిసినవాడు ఫ్లాష్ తలను మళ్లీ నేరుగా తిప్పుతాడు.

నికాన్ ఎస్‌బీ-800 లాంటివాటిలో ఫ్లాష్ కొట్టాక రెడీ దీపం దాదాపు మూడు సెకన్లు మిణుకుమంటే, వెలుగు చాలకపోయి ఉండొచ్చని. అతను అడుగు ముందుకేసి ఇంకోటి తీస్తాడు.