తోసే చుక్కా? దారి చెప్పే చుక్కా?

నవల వస్తే విమర్శిస్తాం, సినిమా వస్తే విమర్శిస్తాం. కంప్యూటరు ఆట వస్తే మాత్రం "పిల్లల పిచ్చి" అని ఓ మాట అనేసి వంటింట్లోకి వెళ్ళిపోతాం. కాని కథ చెప్పేది ఏదైనా సరే, విమర్శకి నిలబడాల్సిందే కదా! అందుకని ఈసారి నేను పుస్తకం పట్టుకోలేదు, ఒక ఆటని పట్టుకున్నాను. దాని పేరు 'ఎలైట్ డేంజరస్'. ఆట మొత్తం గురించి కూడా కాదు, అందులో ఒక్క ఘట్టం గురించి. చచ్చిపోయిన నక్షత్రాల ఊతంతో ఆకాశంలో దూరాలు దాటే ఘట్టం అది.

"మాకెందుకండీ ఈ గొడవ?" అనకండి. ఇది ప్రయాణాల కథ. ప్రయాణాల సంగతి వస్తే చెప్పుకోవలసింది మగవాళ్ళ కంటే ఆడవాళ్ళకే ఎక్కువ ఉంటుంది.

ముందు ఆట సంగతి. 1984లో కేంబ్రిడ్జిలో చదువుకుంటున్న ఇద్దరు కుర్రాళ్ళు, డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ అనేవాళ్ళు, 'ఎలైట్' అని ఒక ఆట రాశారు. దాని వారసురాలు 2014 డిసెంబరులో విడుదలైన ఈ 'ఎలైట్ డేంజరస్'. మన పాలపుంత ఎంత ఉందో అంతా, అసలు కొలతల్లోనే, కంప్యూటర్లో దించేశారు. అందులో 40,000 కోట్ల నక్షత్ర మండలాలున్నాయి. ఆటగాడికి ఒక ఓడ ఇస్తారు. ఇది చెయ్యి, అది చెయ్యి అని ఎవరూ అనరు. వ్యాపారం చేసుకోవచ్చు, పోట్లాడుకోవచ్చు, లేదా ఊరికే చూసి రావచ్చు. ఊరికే చూసి రావడం! ఈ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

ఓడ ఒక నక్షత్రం దగ్గర్నుంచి మరో నక్షత్రానికి గెంతుతుంది. దూరాలు చూడ్డానికని కట్టుకున్న మంచి ఓడ ఒక్క గెంతుకి 60 కాంతి సంవత్సరాలు పోతుందనుకోండి. పాలపుంత నడిబొడ్డు మనకి దాదాపు 26,000 కాంతి సంవత్సరాల దూరం. అంటే 430 గెంతులు పైమాటే. మధ్యమధ్య ఏదో ఒక నక్షత్రాన్ని ఒరుసుకుంటూ పోయి ఇంధనం నింపుకోవాలి, చెరువు కనపడ్డ చోట బండి ఆపి ఎద్దులకి నీళ్ళు పెట్టినట్టు. 2016లో ఆట తయారుచేసినవాళ్ళు దీనికి ఒక దగ్గరదారి పెట్టారు. ఆ దారి పేరు న్యూట్రాన్ నక్షత్రం.

సూర్యుడి కంటే బాగా పెద్ద నక్షత్రం బతుకంతా మండి మండి, లోపలి సరుకు అయిపోయాక కుప్పకూలి పేలిపోతుంది. పేలగా మిగిలిన ముద్దే న్యూట్రాన్ నక్షత్రం. హిందూపురంలో బయల్దేరి లేపాక్షి చేరి, ఇంకాస్త ముందుకి పోతే ఎంత దూరమో అంతే దాని అడ్డం కొలత, 20 కిలోమీటర్లు. అంత చిన్న ముద్దలో సూర్యుణ్ణి మించిన బరువు! అందులోంచి ఒక చెంచాడు తీస్తే వందల కోట్ల టన్నులు తూగుతుంది. పైగా బొంగరంలా తిరుగుతుంటుంది. ఆటలో దాని రెండు కొనల నుంచీ వెలుగు ధారలు చిమ్ముతుంటాయి. ఓడని ఆ ధారలోకి దూర్చి కాసేపు నిలబెట్టగలిగితే, తర్వాతి గెంతు నాలుగింతలవుతుంది. 60 పోయేది 240 పోతుంది. ఇలాంటి నక్షత్రాల్ని వరసగా చూసుకుని పోయే దారికి ఆటగాళ్ళు 'న్యూట్రాన్ హైవే' అని పేరు పెట్టుకున్నారు.

మా అమ్మాయి ఈ ఆట ఆడుతుంటే నేను పక్కన కూర్చుని చూశాను. ధారలోకి దిగగానే ఓడ జ్వరమొచ్చినట్టు వణకడం మొదలుపెట్టింది. "ఏం పాపా, పగిలిపోతుందా ఏమి?" అన్నాను. "ఉండు మా, ఇప్పుడు మాట్లాడించొద్దు" అంది పళ్ళు బిగించి. కాస్త లోపలికి జారితే ఓడ పని అంతే. జారకపోయినా, ఊతం పుచ్చుకున్న ప్రతిసారీ ఇంజను కొద్దికొద్దిగా దెబ్బతింటుంది. ఓడలో బాగుచేసే యంత్రం పెట్టుకోకపోతే తిరిగొచ్చే ఆశ వదులుకోవలసిందే. ఇంకో మెలిక కూడా ఉంది. ఈ చచ్చిన నక్షత్రాల దగ్గర ఇంధనం దొరకదు. వేగం ఇస్తుంది గాని కడుపు నింపదు.

ఒక రచయిత్రిగా నేను మెచ్చుకున్నది సరిగ్గా ఇక్కడే. మన పాత కథల్లో ఏ వరమూ ఊరికే రాదు. వరంతోబాటు ఒక షరతు ఉంటుంది, ఆ షరతే కథని నడిపిస్తుంది. ఈ ఆట రాసినవాళ్ళకి ఆ రహస్యం తెలుసు. తెల్లమరుగుజ్జు నక్షత్రాల దగ్గరా ఇలాంటి ధారలే పెట్టారు. అక్కడ దక్కేది ఒకటిన్నర రెట్లే, ప్రమాదం మాత్రం ఎక్కువ. ఎంతకి ఎంత అనేది ఆటగాడు తన చేతులు వణుకుతుండగా తేల్చుకోవాలి. నేటి నవలలు కొన్ని ఈపాటి నిజాయితీ కూడా చూపించవు. నాయికకి కష్టం రాగానే ఏ మేనత్త ఆస్తో కలిసొస్తుంది!

ఇక లోపం చెబుతాను. ఈ ఘట్టంలో న్యూట్రాన్ నక్షత్రం చివరికి ఒక పెట్రోలు బంకు అయిపోయింది. వచ్చామా, ఊతం పుచ్చుకున్నామా, పోయామా! పదోసారికి మా అమ్మాయి ఆ వెలుగు ధారని చూడ్డం మానేసింది. తెర మూలన అంకె ఎంత తగ్గిందా అని మాత్రమే చూస్తోంది. ఎంత పెద్ద అద్భుతమైనా దారిలో అడ్డొచ్చే పనిగా మారితే ఇంతే కాబోలు.

అసలీ నక్షత్రాలు మనకి దొరికిన తీరు చూడండి. 1930లో పందొమ్మిదేళ్ళ చంద్రశేఖర్ చదువుకని ఓడలో ఇంగ్లండు పోతూ, ఆ తీరుబడిలో ఒక లెక్క వేశాడు. చచ్చిపోతున్న నక్షత్రానికి ఒక బరువు దాటాక తెల్లమరుగుజ్జుగా నిలబడే యోగం లేదని ఆ లెక్క చెప్పింది. మరైతే ఏమవుతుంది? దానికి ఒక జవాబు ఈ న్యూట్రాన్ నక్షత్రం. ఆ జవాబు నిజమని తేలింది 1967లో, కేంబ్రిడ్జిలో. జోసెలిన్ బెల్ అనే విద్యార్థిని తాను కూడా చెయ్యి వేసి కట్టిన రేడియో టెలిస్కోపు ముందు కూర్చుని, మూరలకొద్దీ కాగితం మీద గీతలు చదువుతూ, ఒక చిన్న గీకుడు దగ్గర ఆగింది. 1.33 సెకన్లకోసారి, తప్పకుండా, ఆకాశంలోంచి ఎవరో తలుపు తట్టినట్టు! ఆటని పుట్టించిన కుర్రాళ్ళదీ ఆ ఊరే. వారిలో ఒకరి ఇంటిపేరూ బెల్లే. ఇంటిపేరు కలిసిందని చుట్టరికం అంటగట్టకండి.

1974లో ఈ ఆవిష్కరణకి నోబెల్ బహుమతి వచ్చింది. ఆమెకి కాదు, ఆమె గురువుగారు హ్యూయిష్‌కి. (మీరు నిట్టూర్చడం నాకు వినబడుతూనే ఉంది.) 2018లో ఆమెకి వేరే బహుమతి, 30 లక్షల డాలర్లు వస్తే, చదువుకి దారి దొరకని విద్యార్థుల కోసమని ఆ సొమ్మంతా ఇచ్చేసింది. దగ్గరదారి పట్టి పోయేవాడికి ఈ కథ వినే తీరిక ఉండదు.

ఆమె విన్న ఆ తట్టుడులోనే అసలు సంగతంతా ఉంది. ఈ నక్షత్రం తిరుగుతుంటే దాని కిరణం సముద్రపు ఒడ్డున దీపస్తంభం వెలుగులా మనవైపు వచ్చి పోతుంటుంది. ఒక్కో నక్షత్రానిది ఒక్కో లయ. అందుకే 1972లో పయనీర్ ఓడ మీదా, 1977లో వాయేజర్ ఓడల మీదా మన సూర్యుడి చిరునామా రాసి పంపవలసి వచ్చినప్పుడు, 14 పల్సార్లని గుర్తులుగా పెట్టారు. ఫలానా మర్రిచెట్టు పక్క ఇల్లు అన్నట్టు. 2017లో అంతరిక్ష కేంద్రం మీదున్న పరికరంతో ఈ చుక్కల లయ చూసి, తామెక్కడున్నదీ కనుక్కోవచ్చని నాసావాళ్ళు పరీక్షించి రుజువు చేశారు కూడా. ఓడలు వెలుగుని మించి గెంతడం కట్టుకథ. నిజం దూరప్రయాణంలో న్యూట్రాన్ నక్షత్రం పని తొయ్యడం కాదు, దారి చెప్పడం.

ఇదంతా ఎక్కడో సీమదేశపు ముచ్చట అనుకుంటున్నారేమో. హిందూపురంలో బెంగుళూరు బండి ఎక్కితే, ఎల్ల దాటిన కాసేపటికే గౌరీబిదనూరు వస్తుంది. ఆ ఊరి దగ్గర 1970ల్లో, ఇంగ్లీషు 'టీ' అక్షరం ఆకారంలో, వెయ్యి ఏంటెనాలతో ఒక రేడియో టెలిస్కోపు కట్టారు. దాని తూర్పు పడమర బారే 1.4 కిలోమీటర్లు. దాంతో పల్సార్లని విన్నారు. విన్నవారిలో రాధాకృష్ణన్‌గారు ఒకరు. ఆయన సర్ సి.వి. రామన్ గారి కుమారుడు. 1969లో ఆస్ట్రేలియాలో ఉండగా, వేలా అనే పల్సారు ఉన్నట్టుండి ఒక్కసారి వేగం పుంజుకోవడం పట్టుకున్నవారాయనే. ఆయన ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకి చిన్న తెరచాప పడవలో వెళ్ళిన మనిషి! దూరమంటే ఏమిటో చేతులతో తెలుసుకున్నవాడికి చుక్కలు దీపాల్లా కనిపించడంలో వింతేముంది?

ఈ ఆటలో లేనిది అదే. ఆటగాడు తప్పిపోలేడు. ఎక్కడున్నాడో ఓడకి ఎప్పుడూ తెలుసు. తప్పిపోయే భయం లేని ప్రయాణంలో చేరుకున్న ఆనందం సగమే.

ఎక్స్‌ప్రెస్ బండిలో హిందూపురం నుంచి ధర్మవరం పోయేవాళ్ళకి పెనుకొండ అంటే కిటికీలో ఒక పసుపుపచ్చ బోర్డు. దిగినవాళ్ళకి మాత్రం అది ఒక రాజధాని. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడిన విజయనగరం ప్రభుత్వం ఈ కొండ నీడకి చేరింది. దారి తెగిన చోట ఊపిరి పీల్చుకుని మళ్ళీ సంసారం మొదలుపెట్టింది.

ఈ ఆటలోనూ ఒక పెనుకొండ ఉంది, చెబితే నమ్మరు. 2016లో జాక్ అనేవాడి అంతరిక్ష స్థావరం పాలపుంత చివరికి గెంతబోయి గురి తప్పిందని కథ కల్పించారు. ఆటగాళ్ళు వెతగ్గా వెతగ్గా మనకి 22,000 కాంతి సంవత్సరాల దూరంలో, చెడిపోయి నిలబడి కనిపించింది. "అయ్యో" అని తలా కాస్త సరుకు మోసుకెళ్ళారు. అక్కడే ఊరు వెలిసింది. దాని పేరు కలోనియా. ఇంధనం అయిపోయి ఏ చీకట్లోనో ఆగిపోయినవాళ్ళకి పైసా పుచ్చుకోకుండా ఇంధనం తెచ్చిపోసే 'ఫ్యూయల్ ర్యాట్స్' అనే ఆటగాళ్ళ బృందం కూడా ఉంది. ఇక 2019లో 13,000 మందికి పైగా పేర్లిచ్చి, విడిది విడిదికీ ఆగుతూ, తీర్థయాత్రలా కలిసి పోయారు. గమనించారా? ఈ ఆటలో చెప్పుకోదగ్గ కథలన్నీ వేగం ఆగిన చోటే పుట్టాయి. 40,000 కోట్ల నక్షత్ర మండలాలు పెట్టి ఒక్క వంటిల్లు పెట్టలేదే అని నేను సణుక్కుంటుంటే, ఆడేవాళ్ళే వంటిల్లు పెట్టుకున్నారన్నమాట.

ఇప్పుడు మన సంగతి. మన ప్రయాణాలకి ఎప్పుడూ రెండు కొనలే ఉండేవి, పుట్టిల్లు, అత్తిల్లు. మధ్యలో దారి ఉందని ఎవరూ ఒప్పుకునేవారు కారు. "పోయి తొందరగా వచ్చేయ్" అనే మాట వినకుండా గడప దాటిన ఆడది ఎవరైనా ఉంటే నాకు ఉత్తరం రాయండి. ధర్మవరం పోయి చీర తెచ్చుకున్నా, బండి టైము చూసుకుంటూ తేవాల్సిందే. అలాంటి మనకి ఊరికే చూసి రమ్మనే ఆట ఒకటి దొరికితే, అందులోనూ తొందర దారే గొప్పదనడం ఎంత అన్యాయం! ఆ ధర్మవరంలోనే మగ్గం ముందు కూర్చున్న నేతగత్తెని అడిగి చూడండి. నాలుగు పోగులకి బదులు ఒకటి గెంతి పోతే చీర తొందరగా అవుతుందేమో గాని, కట్టుకోవడానికి పనికిరాదు.

అలాగని దగ్గరదారి వద్దనడం లేదు. ఇంట్లో పిల్ల ఏడుస్తుంటే దగ్గరదారే మంచిది. వరానికి షరతు పెట్టి, ఆ షరతు చేతికి తెలిసేలా చేసినందుకు ఈ ఘట్టానికి మంచి మార్కులే వేస్తాను. ఆ చుక్కని బంకుగా మార్చి, దాని గొంతు వినిపించనందుకు కొన్ని తీసేస్తాను. ఆట రాసినవాళ్ళు ఎప్పుడైనా ఓడలోని పటం ఒక్క గంట ఆపేసి, ఈ దీపాల లయ వింటూ ఇల్లు చేరుకోమంటే, ఆ రోజు ఇది గొప్ప కథే అవుతుంది.

మీ ఇంట్లో ఎవరైనా ఈ ఆట ఆడుతుంటే, వెనక నిలబడి "ఎంత దూరం పోయావు?" అని అడక్కండి. ఆ అంకె తెరమీద కనిపిస్తూనే ఉంటుంది. "ఎక్కడున్నావు?" అని అడగండి. జవాబు చెప్పడానికి వాళ్ళు ఓడ ఆపి చుట్టూ చూడవలసి వస్తుంది.