పధ్నాలుగు డాలర్ల కచేరీ

డెట్రాయిట్ శివారులో మేం సరుకులు తెచ్చుకునే ఇండియన్ స్టోర్లో అప్పట్లో సీడీల అర ఒకటి ఉండేది. అట్ట చూసి కొనడమే గాని విని చూసే వీల్లేదు. 2003లో ఒక మిత్రుడు తప్పక వినమంటే ఎం.డి. రామనాథన్ (1923–1984) కచేరీ సీడీ పధ్నాలుగు డాలర్లు పోసి తెచ్చాను.

బాలమురళి గారి త్యాగరాజ కృతులతో పెరిగిన చెవులు మావి. ఆ గొంతు మూడు స్థాయిల్లోనూ అవలీలగా తిరుగుతుంది. తెలుగు ఏ మాటకామాట వినిపిస్తుంది. ఈయనదేమో నూతిలోంచి వచ్చినట్టు మంద్రం, పైగా చౌక కాలం. "నిద్రలో పాడుతున్నారా?" అంది మా ఆవిడ. సీడీ సొరుగులోకి పోయింది.

మిత్రుణ్ణి అనను. ఆయన తనకు నచ్చింది చెప్పారు. చిక్కల్లా మన సమీక్షలతోనే. "గంధర్వ గానం" అంటాయి గాని శ్రుతి ఎంత, నడక ఎలాంటిది, పక్కవాద్యాలెవరు, సభలో రికార్డు చేసిందా స్టూడియోలోనా, చెప్పవు. ఆ నాలుగు ముక్కలూ తెలిస్తే కొనకపోదును. లేదా తెలిసే కొందును.

రెండేళ్ళ తర్వాత, మంచు తుఫానుకి ఇల్లు కదలలేని రోజున మళ్ళీ పెట్టాను. స్వరానికీ స్వరానికీ మధ్య ఆయన వదిలే ఖాళీ అప్పుడు వినపడింది. టైగర్ వరదాచారి గారి శిష్యుడాయన. సొంత కృతులకు "వరదదాస" ముద్ర పెట్టుకున్నారు. సాహిత్యాన్ని విరిచే తీరు మాత్రం నాకిప్పటికీ సమ్మతం కాదు.

ఇప్పుడైతే యూట్యూబ్‌లో రెండు నిమిషాలు విని వదిలేసేవాణ్ణే. డబ్బు పోశానన్న బాధే ఆ సీడీని పారేయనివ్వలేదు. మా ఆవిడ అభిప్రాయం మారలేదు.